ల్యాప్‌టాప్‌లో ఎస్‌ఎస్‌డీ, హార్డ్ డిస్క్ రెండూ ఉంటే ఏ గేమ్ ఎక్కడ పెట్టాలి, ఏ ఫైల్ ఎక్కడ ఉంచాలి?

ఒకే ప్రశ్న రకరకాల మాటల్లో పదే పదే వస్తోంది కాబట్టి ఈ వివరణ రాస్తున్నాను. ల్యాప్‌టాప్‌లో 256 లేదా 512 జీబీ ఎస్‌ఎస్‌డీ ఒకటి, 1 టీబీ హార్డ్ డిస్క్ ఒకటి ఉంటాయి. కొన్న కొన్నాళ్లకే సి డ్రైవ్ గీత ఎర్రబడుతుంది, డి డ్రైవ్ మాత్రం ముప్పాతిక వంతు ఖాళీగా పడి ఉంటుంది. అప్పుడు చేతికి దొరికినదల్లా డి డ్రైవ్‌లోకి నెట్టేస్తారు. మరునాటి నుంచి గేమ్ ఆగి ఆగి నడుస్తోందని, డెస్క్‌టాప్ మీది ఐకాన్లు తెరుచుకోవడం లేదని, సేవ్ చేసుకున్న ఆట కనబడడం లేదని కొత్త ప్రశ్నలు మొదలవుతాయి.

సర్దుడు మొదలుపెట్టే ముందు ఒక్క విషయం మనసులో పెట్టుకోండి. ఫైల్ ఏ డ్రైవ్‌లో ఉండాలో తేల్చేది దాని పరిమాణం కాదు, దాన్ని కంప్యూటర్ చదివే తీరు. హార్డ్ డిస్క్‌లో పళ్లెం తిరుగుతూ ఉంటే దాని మీద హెడ్ అటూ ఇటూ కదులుతూ చదువుతుంది. నిమిషానికి 5400 సార్లు తిరిగే డిస్క్‌కు ఒక్క చుట్టు పూర్తి కావడానికి సుమారు 11 మిల్లీసెకన్లు పడుతుంది. సినిమా లాంటి పెద్ద ఫైల్‌ను వరుసగా చదివేటప్పుడు ఇది అడ్డు కాదు, సెకనుకు దాదాపు 100 ఎంబీ వేగం సులువుగా వస్తుంది. అదే డిస్క్‌ను వేలకొద్దీ చిన్న ముక్కలను తలా ఒక చోటి నుంచి ఏరి తెమ్మంటే వేగం సెకనుకు 1 ఎంబీ దగ్గరికి, కొన్నిసార్లు అంతకన్నా కిందికి పడిపోతుంది. ఎస్‌ఎస్‌డీలో కదిలే భాగమే లేదు కాబట్టి దానికి ఈ ఏరుకునే బాధ చాలా తక్కువ. సిద్ధాంతం ఇంతకు మించి అవసరం లేదు.

కావలసినవి

విండోస్ 10 లేదా 11 ఉన్న ల్యాప్‌టాప్, దాని చార్జర్, ముఖ్యమైన ఫైళ్ల నకలు ఉంచుకోవడానికి విడిగా ఒక బయటి డ్రైవ్, డిస్క్ ఆరోగ్యం చూపించే క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో అనే ఉచిత సాఫ్ట్‌వేర్. వీటితో పాటు కొంత తీరిక కూడా కావాలి. 100 జీబీ గేమ్‌ను హార్డ్ డిస్క్‌లోకి కాపీ చేయడానికి సెకనుకు 100 ఎంబీ లెక్కన పదిహేడు నిమిషాలే అయినా, చిన్న ఫైళ్లు ఎక్కువగా ఉన్నప్పుడు అది అరగంట, గంట కూడా కావచ్చు. ల్యాప్‌టాప్‌ను చార్జర్‌కు తగిలించి, కదలని బల్ల మీద పెట్టి మొదలుపెట్టండి. హార్డ్ డిస్క్ రాస్తున్న సమయంలో ల్యాప్‌టాప్‌ను ఎత్తి ఒడిలోకి తీసుకోవడం మంచి అలవాటు కాదు.

1. నిజంగా రెండు డిస్కులు ఉన్నాయో లేదో చూడండి

ఇది నవ్వులాట మాట కాదు. సి, డి అని రెండు డ్రైవ్‌లు కనబడినంత మాత్రాన రెండు డిస్కులు ఉన్నట్టు కాదు, ఒకే డిస్క్‌ను రెండు భాగాలు చేసి అమ్మిన ల్యాప్‌టాప్‌లు బోలెడు. టాస్క్ మేనేజర్ తెరిచి పెర్ఫార్మెన్స్ విభాగంలోకి వెళితే ఎడమ పక్కన డిస్క్ 0, డిస్క్ 1 అని విడివిడిగా కనబడతాయి, వాటి కిందే ఎస్‌ఎస్‌డీయో హెచ్‌డీడీయో (అంటే హార్డ్ డిస్క్) రాసి ఉంటుంది. ఒకే డిస్క్ కింద సి, డి రెండూ రాసి ఉంటే ఆ రెండింటి వేగం ఒక్కటే. అప్పుడు గేమ్‌ను అటు నుంచి ఇటు మార్చినా స్థలం సర్దుబాటు అవుతుందే తప్ప వేగంలో తేడా రాదు. డిస్క్ అంకెను బట్టి ఊహించుకోవద్దు, హార్డ్ డిస్క్‌కే 0 అంకె ఉన్న ల్యాప్‌టాప్‌లు మామూలే.

ఇక్కడే ఇంకొకటి కూడా చూడాలి. సి డ్రైవ్, అంటే విండోస్ ఉన్న డ్రైవ్, ఎస్‌ఎస్‌డీ మీదే ఉందా? ఎస్‌ఎస్‌డీని తరువాత కొని బిగించుకున్న వారిలో కొందరికి విండోస్ ఇంకా హార్డ్ డిస్క్ మీదే ఉండిపోతుంది. మీ సంగతి అదే అయితే ఈ పని ఇక్కడితో ఆపి, ముందు విండోస్‌ను ఎస్‌ఎస్‌డీ మీదికి తెచ్చుకోండి. అది కాకుండా గేములు సర్దినా పెద్దగా ఫలితం ఉండదు.

2. హార్డ్ డిస్క్ ఆరోగ్యాన్ని పరీక్షించండి

చెడిపోతున్న డిస్క్‌లోకి సామాను చేరవేయడం కన్నా చేటు లేదు. క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫోలో హార్డ్ డిస్క్‌ను ఎంచుకుంటే నీలం రంగులో గుడ్ అనో, పసుపు రంగులో కాషన్ అనో కనబడుతుంది. కాషన్ అంటే జాగ్రత్త అని. అలా వస్తే రీఅలొకేటెడ్ సెక్టార్స్ కౌంట్ (చెడిపోయి పక్కన పెట్టిన భాగాల లెక్క), కరెంట్ పెండింగ్ సెక్టార్ కౌంట్ (చదవడానికి మొరాయిస్తున్న భాగాల లెక్క) అనే వరుసల్లో చివర ఉన్న రా విలువలు చూడండి. అవి సున్నాలుగా ఉండాలి. ఆ విలువలు మామూలు అంకెల్లో కాక, అంకెలతో పాటు ఎ నుంచి ఎఫ్ దాకా అక్షరాలు కూడా వాడే హెక్సాడెసిమల్‌లో ఉంటాయి కాబట్టి అక్షరాలు కనబడితే కంగారు పడవద్దు, సున్నానా కాదా అన్నది మాత్రం చూడండి. పెండింగ్ విలువ వారం వారం పెరుగుతూ ఉంటే ఆ డిస్క్‌లో ఉన్నవాటికే ముందు నకలు తీసుకోండి, కొత్తగా ఏమీ పెట్టవద్దు.

3. సి డ్రైవ్‌ను నింపుతున్నది ఏదో తెలుసుకోండి

సెట్టింగ్స్‌లో సిస్టమ్, అందులో స్టోరేజ్ తెరిస్తే యాప్స్ ఎంత, తాత్కాలిక ఫైళ్లు ఎంత, డాక్యుమెంట్లు ఎంత అని లెక్క వస్తుంది. పెద్ద విండోస్ అప్‌డేట్ తరువాత మిగిలిపోయిన పాత విండోస్ ఫోల్డర్ ఒక్కటే 20 జీబీ దాటి ఉండవచ్చు. ఇల్లు మారే ముందు చెత్త పారేసుకున్నట్టు, తీసేయగలిగినవి ముందు తీసేస్తే మోయవలసినది తగ్గుతుంది.

ఒక హెచ్చరిక: తాత్కాలిక ఫైళ్ల జాబితాలో డౌన్‌లోడ్స్ అనే వరుస కూడా ఉంటుంది. అది తాత్కాలికం కాదు, మీరు దించుకున్న ఫైళ్లన్నీ ఉన్న అసలు ఫోల్డర్. ‘అన్నీ తీసేద్దాం’ అనుకుని దానికి కూడా టిక్ పెడితే అవన్నీ పోతాయి. పైగా ఎస్‌ఎస్‌డీ మీద చెరిపేసిన ఫైళ్లు రికవరీ సాఫ్ట్‌వేర్‌కు చాలావరకు దొరకవు. ఖాళీ అయిన భాగాలను ట్రిమ్ అనే పద్ధతిలో డ్రైవ్ తానే శుభ్రం చేసుకుంటుంది.

4. ఏది ఎక్కడ ఉండాలో నిర్ణయించుకోండి

ఈ పనిలో అసలు ఆలోచన పెట్టవలసిన చోటు ఇదే, కాబట్టి కొంచెం నిదానించండి.

ఎస్‌ఎస్‌డీ మీద విండోస్, సాఫ్ట్‌వేర్లు, బ్రౌజర్, ప్రస్తుతం ఎడిట్ చేస్తున్న ప్రాజెక్టులు, ప్రోగ్రాములు రాసేవారికైతే వాటి ఫోల్డర్లు, వర్చువల్ మెషీన్లు (కంప్యూటర్ లోపల సాఫ్ట్‌వేర్‌తో నడిపే మరో కంప్యూటర్లు) ఉండాలి. సినిమాలు, పాటలు, పని పూర్తయిన ఫొటోలు, రికార్డు చేసిన వీడియోలు, ఇన్‌స్టాలర్లు, ఐఎస్‌ఓ ఫైళ్లు (సీడీ, డీవీడీ మొత్తాన్ని ఒకే ఫైల్‌గా చేసినవి) నిశ్చింతగా హార్డ్ డిస్క్‌లో ఉండవచ్చు. గేమ్‌ప్లే రికార్డింగ్‌కు హార్డ్ డిస్క్ చాలదని కొందరు భయపడతారు. సెకనుకు 50 మెగాబిట్ల నాణ్యతతో రికార్డు చేసినా అది సెకనుకు 6 ఎంబీకి కాస్త ఎక్కువ మాత్రమే, దాన్ని ఏ హార్డ్ డిస్క్ అయినా అవలీలగా రాస్తుంది. గంటకు 22 జీబీకి పైగా పెరిగే ఆ ఫైళ్లను ఎస్‌ఎస్‌డీ మీద ఉంచడమే వృథా.

గేముల దగ్గర మూడు రకాలుగా ఆలోచించండి. మొదటివి, పెద్ద బహిరంగ ప్రపంచంలో తిరిగే ఆటలు. వీటిలో మీరు నడుస్తున్నంత సేపూ ముందున్న వీధినీ, గోడల రంగునీ గేమ్ డిస్క్ నుంచి తెస్తూనే ఉంటుంది. హార్డ్ డిస్క్ మీద వేగంగా కారు నడిపితే ఎదురుగా ఉన్న భవనం ముందు మైనపు ముద్దలా కనబడి, మీరు దాటిపోతున్నప్పుడు కిటికీలు మొలుస్తాయి. ఇవి ఎస్‌ఎస్‌డీకే చెందుతాయి. కొన్ని గేముల కనీస అవసరాల జాబితాలోనే ఎస్‌ఎస్‌డీ ఉంటుంది: స్టార్‌ఫీల్డ్‌కు 125 జీబీ, బాల్డర్స్ గేట్ 3కు 150 జీబీ ఎస్‌ఎస్‌డీ స్థలం అడుగుతారు. సైబర్‌పంక్ 2077 కూడా 2023లో వచ్చిన 2.0 అప్‌డేట్‌తో హార్డ్ డిస్క్‌ను ఆ జాబితా నుంచి తీసేసింది.

రెండోవి, ఒక మైదానం లేదా ఒక మ్యాచ్ మొత్తాన్ని ఒకేసారి లోడ్ చేసుకునేవి. హార్డ్ డిస్క్ మీద వీటికి మొదట్లో నిరీక్షణ ఎక్కువ, ఆట మొదలయ్యాక తేడా తక్కువ. అయితే వారానికో అప్‌డేట్ వచ్చే ఆన్‌లైన్ గేమ్ అయితే హార్డ్ డిస్క్ మీద విసుగు పుట్టిస్తుంది, ఎందుకంటే డౌన్‌లోడ్ పది నిమిషాల్లో ముగిసినా, పాత ఫైళ్లను విప్పి అతికించే పని అంతకు రెండింతలు మూడింతలు సాగుతుంది. మూడోవి పాత గేములు, చిన్న గేములు. ఏజ్ ఆఫ్ ఎంపైర్స్ 2 తొలి రూపం, జీటీఏ శాన్ ఆండ్రియాస్ వంటివి హార్డ్ డిస్కుల కాలంలోనే పుట్టాయి, అక్కడే హాయిగా ఉంటాయి.

ఎస్‌ఎస్‌డీలోకి మారిస్తే ఎఫ్‌పీఎస్ (సెకనుకు తెర మీద పడే చిత్రాల సంఖ్య) పెరుగుతుందా అని చాలామంది అడుగుతారు. సగటు ఎఫ్‌పీఎస్ పెరగదు, అది గ్రాఫిక్స్ కార్డు, ప్రాసెసర్‌ల పని. లోడింగ్ సమయం తగ్గుతుంది, ఆట మధ్యలో వచ్చే కుదుపులు తగ్గుతాయి. అంతకు మించి ఆశ పెట్టుకోవద్దు.

చివరిగా, ఎస్‌ఎస్‌డీని అంచు దాకా నింపవద్దు. 15 నుంచి 20 శాతం ఖాళీ వదలండి. 256 జీబీ అని రాసి ఉన్న డ్రైవ్ విండోస్‌లో 238 జీబీగానే కనబడుతుంది, అందులో విండోస్, సాఫ్ట్‌వేర్లు పోగా పెద్ద గేమ్ ఒకటి, మహా అయితే రెండు పడతాయి. ఈ నెల ఆడుతున్నది ఎస్‌ఎస్‌డీలో, పూర్తి చేసినది హార్డ్ డిస్క్‌లో అన్నట్టు తిప్పుకుంటూ ఉండడమే దారి.

5. హార్డ్ డిస్క్‌ను సిద్ధం చేయండి

డి డ్రైవ్ మీద రైట్ క్లిక్ చేసి ప్రాపర్టీస్‌లో ఫైల్ సిస్టమ్ (డ్రైవ్ ఫైళ్లను అమర్చుకునే పద్ధతి) ఎన్‌టీఎఫ్‌ఎస్ అని ఉందో లేదో చూడండి. ఎఫ్‌ఏటీ32 అయితే 4 జీబీకి మించిన ఒక్క ఫైల్ కూడా పట్టదు. తరువాత డి డ్రైవ్‌లో గేములకు ఒకటి, వీడియోలకు ఒకటి, డౌన్‌లోడ్లకు ఒకటి, ఇలా మూడు నాలుగు ఫోల్డర్లు చేసుకోండి. ఇరవై చేయవద్దు, నెల తిరిగేసరికి ఏది ఎక్కడ పెట్టారో మీకే గుర్తుండదు. ఫోల్డర్లకు తెలుగులో పేర్లు పెట్టుకునే ముచ్చట నాకూ ఉంది, కానీ దాన్ని పాటలకూ ఫొటోలకూ పరిమితం చేసుకోండి. ఫోల్డర్ దారిలో ఆంగ్లేతర అక్షరాలు ఉంటే మొరాయించే పాత గేములు, మాడ్ టూల్స్ (గేమ్‌లో మార్పులు చేసే సాఫ్ట్‌వేర్లు) ఇప్పటికీ ఉన్నాయి.

డ్రైవ్ అక్షరం మార్చాలనుకుంటే ఇప్పుడే మార్చండి. గేములన్నీ చేర్చాక డి ని ఇ గా మారిస్తే లాంచర్లకు (గేములను దించి నడిపే స్టీమ్ వంటి సాఫ్ట్‌వేర్లకు) గానీ షార్ట్‌కట్లకు గానీ ఆ దారి తెలియదు.

6. సొంత ఫోల్డర్లను మార్చండి

డౌన్‌లోడ్స్, వీడియోస్, మ్యూజిక్, పిక్చర్స్ ఫోల్డర్లను కట్ చేసి పేస్ట్ చేయవద్దు. ఫోల్డర్ మీద రైట్ క్లిక్ చేసి ప్రాపర్టీస్‌లో లొకేషన్ అనే ట్యాబ్ తెరిచి, మూవ్ నొక్కి, డి డ్రైవ్‌లో ముందే చేసిపెట్టిన ఫోల్డర్‌ను చూపించి, అప్లై నొక్కండి. పాత ఫైళ్లను కూడా తరలించాలా అని అడుగుతుంది, అవును అనండి.

ఇక్కడ జరిగే తప్పు ఒకటే, కానీ చిరాకు పెట్టే తప్పు. ఫోల్డర్‌ను చూపించకుండా డి డ్రైవ్‌నే చూపించడం. నేను ఒకసారి తొందరలో అలాగే చేశాను. వెంటనే డి డ్రైవ్ పేరే డౌన్‌లోడ్స్‌గా మారిపోయింది, అందులో ఉన్న గేములూ సినిమాలూ అన్నీ ‘డౌన్‌లోడ్లు’ అయి కూర్చున్నాయి. రిస్టోర్ డిఫాల్ట్ నొక్కినా దారికి రాలేదు, చివరికి విండోస్ తన సెట్టింగులన్నీ రాసుకునే రిజిస్ట్రీలో ఆ ఫోల్డర్ దారిని చేత్తో సరిచేయవలసి వచ్చింది. అప్లై నొక్కే ముందు పెట్టెలో డి తరువాత ఫోల్డర్ పేరు కూడా ఉందో లేదో ఒకసారి చదవండి.

డెస్క్‌టాప్ ఫోల్డర్‌ను ఎస్‌ఎస్‌డీ మీదే ఉంచండి. సాఫ్ట్‌వేర్లు తమ సెట్టింగులు దాచుకునే యాప్‌డేటా ఫోల్డర్ జోలికి అసలు వెళ్లవద్దు. డాక్యుమెంట్స్, పిక్చర్స్ ఫోల్డర్లను మైక్రోసాఫ్ట్ క్లౌడ్ సేవ వన్‌డ్రైవ్ బ్యాకప్ చేస్తూ ఉంటే ముందు దాని సెట్టింగ్స్‌లో ఆ బ్యాకప్ ఆపి, తరువాతే మార్చండి. లేకపోతే ఒకే పేరుతో రెండు ఫోల్డర్లు తయారై ఏది అసలో తెలియకుండా పోతుంది.

7. గేములను మార్చండి

ముందు సేవ్ ఫైళ్ల నకలు తీసుకోండి. అవి సాధారణంగా గేమ్ ఫోల్డర్‌లో ఉండవు. డాక్యుమెంట్స్‌లోని మై గేమ్స్ ఫోల్డర్‌లోనో, సేవ్డ్ గేమ్స్‌లోనో, యాప్‌డేటా లోపలనో ఉంటాయి. క్లౌడ్ సేవ్ ఉన్నా ఒక నకలు చేతిలో ఉండడం మంచిది.

స్టీమ్‌లో అయితే సెట్టింగ్స్, స్టోరేజ్‌లోకి వెళ్లి డి డ్రైవ్‌ను చేర్చండి. తరువాత మార్చవలసిన గేములకు టిక్ పెట్టి మూవ్ నొక్కితే మిగతా పని అదే చేసుకుంటుంది. మధ్యలో స్టీమ్‌ను మూసేయవద్దు.

ఎక్స్‌బాక్స్ యాప్ లేదా మైక్రోసాఫ్ట్ స్టోర్ నుంచి వచ్చిన గేములకు సెట్టింగ్స్, యాప్స్, ఇన్‌స్టాల్డ్ యాప్స్‌లో గేమ్ పక్కనున్న మూడు చుక్కలు నొక్కి మూవ్ ఎంచుకోండి. విండోస్‌యాప్స్ ఫోల్డర్‌లోకి దూరి అనుమతులు మార్చి చేత్తో లాగే ప్రయత్నం చేయవద్దు, స్టోర్ గేములన్నీ తెరుచుకోకుండా పోయే ప్రమాదం ఉంది.

ఇతర లాంచర్లలో మూవ్ కనబడితే అదే వాడండి. లేకపోతే ఈ పద్ధతి పనికొస్తుంది. గేమ్ ఫోల్డర్‌ను డి డ్రైవ్‌లోకి వేరే పేరుతో కాపీ చేయండి. లాంచర్‌లో గేమ్‌ను అన్‌ఇన్‌స్టాల్ చేసి, డి డ్రైవ్‌ను చూపిస్తూ మళ్లీ ఇన్‌స్టాల్ మొదలుపెట్టండి. ఒకటి రెండు శాతం దిగగానే ఆపి, లాంచర్‌ను పూర్తిగా మూసేయండి. కాపీ చేసి ఉంచిన ఫైళ్లను కొత్త ఫోల్డర్‌లోకి చేర్చి, లాంచర్ తెరిచి డౌన్‌లోడ్ కొనసాగించండి. అది ఉన్న ఫైళ్లను సరిచూసుకుని లేనివి మాత్రమే దించుకుంటుంది.

మామూలు సాఫ్ట్‌వేర్లకు మాత్రం ఈ ఉపాయాలేవీ వద్దు. ప్రోగ్రామ్ ఫైల్స్‌లోని ఫోల్డర్‌ను లాగి డి డ్రైవ్‌లో పడేస్తే అది తెరుచుకోదు, తీసేద్దామన్నా ఒక్కోసారి పోదు. అన్‌ఇన్‌స్టాల్ చేసి, డి డ్రైవ్‌ను ఎంచుకుని మళ్లీ ఇన్‌స్టాల్ చేసుకోండి.

8. ఇకపై వచ్చేవి సరైన చోటికి వెళ్లేలా చూడండి

స్టోరేజ్ సెట్టింగ్స్‌లో కొత్త ఫైళ్లు ఎక్కడ సేవ్ కావాలో చెప్పే చోట వీడియోలు, పాటలను డి డ్రైవ్‌కు మార్చండి. బ్రౌజర్ డౌన్‌లోడ్ ఫోల్డర్, రికార్డింగ్ సాఫ్ట్‌వేర్ ఫోల్డర్ విడిగా మార్చాలి. ఇది చేయనివారే రెండు నెలల తరువాత మళ్లీ అదే ప్రశ్నతో వస్తారు.

పవర్ ఆప్షన్స్‌లో హార్డ్ డిస్క్‌ను ఆపే సమయం కూడా చూడండి. చార్జర్ మీద ఉన్నప్పుడు సాధారణంగా 20 నిమిషాలుగా ఉంటుంది. ఖాళీగా ఉన్న డిస్క్ ఆగిపోయి, మళ్లీ అవసరం రాగానే తిరగడానికి కొన్ని సెకన్లు తీసుకుంటుంది. ఆట మధ్యలో లేదా ఫోల్డర్ తెరిచినప్పుడు లోపలి నుంచి ‘టక్’ మని వినబడి తెర బిగుసుకుపోతే చాలాసార్లు కారణం ఇదే. చార్జర్ మీద ఆ సమయాన్ని పెంచండి, బ్యాటరీ మీద అలాగే వదిలేయండి.

9. ఫలితాన్ని సరిచూసుకోండి

చేత్తో కాపీ చేసిన ప్రతి ఫోల్డర్‌కూ పాతదానికీ కొత్తదానికీ ప్రాపర్టీస్ పక్కపక్కన తెరిచి, ఫైళ్ల సంఖ్య, సైజ్ బైట్లతో సహా ఒకటేనా అని చూడండి. సైజ్ ఆన్ డిస్క్ అనే వరుస రెండు డ్రైవ్‌లలో వేరుగా ఉండవచ్చు, దాన్ని పట్టించుకోవద్దు. స్టీమ్ గేములకు ప్రాపర్టీస్‌లో ఇన్‌స్టాల్డ్ ఫైల్స్ కింద ఫైళ్లను వెరిఫై చేసే సదుపాయం ఉంది, మిగతా లాంచర్లలో కూడా వెరిఫై లేదా రిపేర్ పేరుతో ఉంటుంది.

వేగాన్ని కొలవాలంటే ల్యాప్‌టాప్‌ను రీస్టార్ట్ చేసి, ఫోన్‌లో స్టాప్‌వాచ్ పెట్టి, ఒకే సేవ్ ఎంతసేపట్లో తెరుచుకుంటుందో చూడండి. రీస్టార్ట్ చేయకుండా రెండోసారి కొలిస్తే ర్యామ్‌లో మిగిలిన ఫైళ్ల వల్ల హార్డ్ డిస్క్ కూడా వేగంగా ఉన్నట్టు భ్రమ కలుగుతుంది. ఆట ఆగుతున్న క్షణంలో టాస్క్ మేనేజర్‌లో హార్డ్ డిస్క్ 100 శాతం దగ్గర నిలబడి ఉండి, చదివే వేగం మాత్రం రెండు మూడు ఎంబీలే ఉంటే ఆ గేమ్ ఎస్‌ఎస్‌డీకి వెళ్లవలసినదే. డిస్క్ ఖాళీగా ఉండి కూడా ఆట ఆగుతుంటే తప్పు వేరే చోట ఉంది, గేమ్‌ను మార్చి ప్రయోజనం లేదు.

హార్డ్ డిస్క్‌కు డీఫ్రాగ్ (ముక్కలుగా చెదిరిన ఫైళ్లను ఒక చోటికి చేర్చడం) మంచిదే, విండోస్‌లోని ఆప్టిమైజ్ డ్రైవ్స్ దాన్ని తనంతట తానే చేస్తుంది. అదే సాధనం ఎస్‌ఎస్‌డీకి ట్రిమ్ పంపుతుంది. విడిగా డీఫ్రాగ్ సాఫ్ట్‌వేర్ తెచ్చి ఎస్‌ఎస్‌డీ మీద నడపడం వల్ల రాతలు పెరగడమే తప్ప లాభం లేదు.

ఇంకొక అపోహ. డి డ్రైవ్‌లో పెట్టిన ఫొటోలకు నకలు ఉన్నట్టు కాదు, ఉన్న ఒక్క ప్రతి చోటు మారిందంతే. ల్యాప్‌టాప్ కింద పడితే ముందు దెబ్బ తగిలేది తిరిగే డిస్క్‌కే. అందుకే కావలసినవాటిలో బయటి డ్రైవ్‌ను రాశాను.

సి డ్రైవ్‌లో మిగిలిన పాత ప్రతులను ఆ రోజే చెరిపేయవద్దు. వారం రోజులు మామూలుగా వాడి, గేములు ఒక్కొక్కటీ తెరిచి పాత సేవ్‌లు కనబడుతున్నాయని చూసుకున్నాక అప్పుడు తీసేయండి.